ఇంటిలో వేషరచన

పాఠ్యభాగ నేపథ్యం

పాఠశాలల వార్షికోత్సవాలలోను, జాతీయ పర్వదినాలలోను జరిగే విచిత్ర వేషధారణ పోటీ నేడు తెలుగువారి ఇండ్లలో అందరికీ పరిచితమైనదే. పోటీ ప్రకటించిన నాటి సాయంత్రమే తల్లిదండ్రులలో కొందరు అద్దె దుస్తుల దుకాణానికి బయలుదేరుతారు. మరికొందరు ఆ ఖర్చును తలచుకొని పిల్లవాని పేరు ఇవ్వకుండానే ఊరుకుంటారు. తమ్మునికో చెల్లెలికో వేషం కట్టవలసిన భారం తరచుగా ఇంటర్మీడియట్ చదివే అన్న మీద, అక్క మీద పడుతుంది. వేషానికి నిజంగా కావలసినదేమిటో ప్రాచీన కావ్యశాస్త్రాల నుండి, జానపద కళల నుండి గ్రహించి, దానిని ఇంటిలో దొరికే వస్తువులతో ఎట్లా సమకూర్చుకోవచ్చునో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మహాభారతంలో పాండవులు అజ్ఞాతవాసానికి సిద్ధమయ్యే ఘట్టం విరాటపర్వం ఆరంభంలో ఉంది. తెలుగు పాఠకులకు తిక్కన రచన ద్వారా ఆ కథ సుపరిచితం. ఏడాది పాటు ఎవరి కంటా పడకుండా, అది కూడా అడవిలో కాక నిండు రాజసభలో, ఆరుగురు మారువేషాలలో బ్రతకాలి. వారి వెంట నేపథ్యశాల లేదు, వేషం కట్టే పరివారమూ లేదు. వ్యాసుని మూలాన్ని పరిశీలిస్తే వారు వేషానికి వాడుకొన్న సామగ్రి ఎంత స్వల్పమో తెలుస్తుంది. ధర్మరాజు పాచికలను గుడ్డలో చుట్టి చంకన పెట్టుకొని కంకుడయ్యాడు. భీముడు నల్లని బట్ట కట్టి, చేత గరిటె పట్టి వంటవాడయ్యాడు. ద్రౌపది మాసిన నల్లచీర కట్టి, జుట్టును ఒక ప్రక్కకు మరుగుపరచుకొని సైరంధ్రి అయింది.

అర్జునుని సంగతి మరింత ఆసక్తికరమైనది. గాండీవపు నారి రాపిడికి అతని రెండు చేతులూ కాయలు కాచి ఉన్నాయి. ఆ మచ్చలను చూసినవాడెవడైనా ఇతడు విలుకాడని ఇట్టే పోల్చుకోగలడు. కాబట్టి వాటిని గాజులతో కప్పుకొంటానని అర్జునుడు చెప్పాడు. బృహన్నల వేషంలో గాజులు అలంకారం కోసం వచ్చినవి కావు. ఒక గుర్తును దాచి మరొక గుర్తును చూపడానికి వచ్చినవి. వేషరచనలోని కిటుకంతా ఈ ఒక్క మాటలో ఉంది. ఏ మనిషినైనా లోకం రెండు మూడు గుర్తులతోనే పోల్చుకొంటుంది. ఆ గుర్తులు సరిగా దొరికితే తక్కిన ఆడంబరం లేకున్నా వేషం నిలుస్తుంది. అవి తప్పితే పట్టుబట్టలు, రాళ్ళ కిరీటాలు ఎన్ని ఉన్నా పిల్లవాని మెడలో పేరు రాసిన అట్ట తగిలించవలసి వస్తుంది.

ఇంకొక విశేషం కూడా ఇక్కడ గమనించదగినది. గరిటె పట్టుకొని వచ్చిన భీముని చూసి విరాటుడు వెంటనే నమ్మలేదు. నీవు వంటవాడివలె కనబడడం లేదన్నాడు. ఆ తరువాత భీముడు వండి వడ్డించాడు కనుకనే ఆ వేషం ఏడాది పాటు చెల్లింది. ప్రవర్తన తోడుకాని వేషం బట్టల మూట మాత్రమే.

భరతముని నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. వీటిలో ఆహార్యం వేషానికి సంబంధించినది. దానిని మళ్ళీ పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు భాగాలు చేశాడు. కొండలు, రథాలు, డాళ్ళు, ధ్వజాలు వంటి కృత్రిమ వస్తువులను తయారు చేయడం పుస్తం. పూలదండలు, నగలు, వస్త్రాలు అలంకారం. దేహానికి రంగులు పూయడం అంగరచన. ప్రాణుల రంగప్రవేశం సంజీవం. పుస్తంలో కూడా చాపలు, గుడ్డలు, తోళ్ళు అతికి చేసేది సంధిమమని, యంత్రంతో కదిలేది వ్యాజిమమని, చుట్టి చేసేది వేష్టిమమని భేదాలు చెప్పాడు. ఈ పేర్లు కఠినంగా తోచవచ్చు గాని, అట్టముక్కలు అతికి కిరీటం చేసే చిన్నపిల్ల సంధిమాన్ని, కాగితం చుట్టి పిల్లనగ్రోవి చేసే పిల్లవాడు వేష్టిమాన్ని సాధిస్తున్నారన్నమాట.

భరతుడు బరువు విషయంలో చాలా పట్టుదల చూపాడు. రంగస్థలంపై నిజమైన నగలు, ఇనుప ఆయుధాలు వాడరాదన్నాడు. బరువైన ఆభరణాలు ధరించిన నటుడు అలసిపోతాడు, చెమట పడుతుంది, సొమ్మసిల్లిపోయినా పోవచ్చు. అందుచేత తేలిక కొయ్య, వెదురు బద్దలు, తోలు, గుడ్డ, లక్క, మైనం, అభ్రకం వంటివాటితో వస్తువులు చేయాలని విధించాడు. మారేడు గుజ్జు పూసిన గుడ్డను ఎండబెట్టి ముఖావరణాలను చేసే పద్ధతి కూడా అందులో ఉంది. బంగారానికి కొదువలేని రాజాస్థానాలలో సైతం నాటకానికి లక్క నగలే తగినవని చెప్పిన శాస్త్రమిది. చవక వస్తువుతో చేసిన వేషం పేదవాని సర్దుబాటు కాదనీ, అదే శాస్త్రసమ్మతమైన పద్ధతి అనీ దీనివలన స్పష్టమవుతున్నది.

శాస్త్రం ఎరుగని జనసామాన్యం ఈ విషయాన్ని తమదైన రీతిలో ఆచరిస్తూనే ఉన్నది. తిరుపతిలో ఏటా మే నెలలో జరిగే గంగజాతర దీనికి చక్కని నిదర్శనం. స్త్రీలను చెరపట్టే పాలెగాణ్ణి సంహరించడానికి గంగమ్మ అవతరించిందనీ, ఆమెకు భయపడి వాడు దాగుకొన్నాడనీ, వాణ్ణి వెదకడానికి ఆమె రోజుకొక వేషం ధరించిందనీ స్థలకథ. దొర వేషంలో వచ్చినప్పుడు తన పైదొర వచ్చాడనుకొని పాలెగాడు బయటపడ్డాడట. ఆ కథను అనుసరించి భక్తులు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వంటివి వరుసగా ధరిస్తారు. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లని నామపు సుద్ద. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గుపొడి. దొర వేషానికి చందనం, వేపాకు, నిమ్మకాయ. మాతంగి వేషానికి ఇంటి ఆడవారి చీర. పూజగదిలో, వంటింటిలో, పెరటిలో ఉన్నవే ఇవన్నీ. పిల్లలు మొదలుకొని వృద్ధుల వరకు, కూలివారు మొదలుకొని ఉద్యోగుల వరకు ఒకే సుద్ద పూసుకొని వీధిలోకి వచ్చినప్పుడు ఎవరి వేషం ఖరీదైనదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పగటి వేషాల వారి నైపుణ్యం మరొక రకమైనది. రాత్రి రంగస్థలం మీద దీపాల వెలుగు లోపాలను కొంత కప్పిపుచ్చుతుంది. పగటి వేషగానికి ఆ ఆసరా లేదు. నడివీధిలో, ఎండవేళ, రెండడుగుల దూరంలో నిలిచిన జనం ఎదుట అతడు మెప్పించాలి. అర్ధనారీశ్వర వేషంలో ఒకే నటుడు దేహాన్ని నిలువునా రెండుగా పంచుకొని, ఒక వైపు శివునిగా, ఒక వైపు పార్వతిగా అలంకరించుకొని, నడుమ గుడ్డను అడ్డుగా పట్టుకొని ఒకసారి ఒక పార్శ్వాన్నీ మరొకసారి రెండవ పార్శ్వాన్నీ చూపుతాడు. ఇక్కడ అడ్డుగుడ్డే తెర, అదే రంగస్థలం. ఇంత తక్కువ సామగ్రితో ఇంత పెద్ద ఆశ్చర్యాన్ని కలిగించిన ప్రదర్శన మరొకటి అరుదు.

తెలంగాణలోని చిందు యక్షగాన కళాకారులు కిరీటాలను, భుజకీర్తులను పొనికి వంటి తేలిక కొయ్యతో చెక్కి, రంగు కాగితాలు, అద్దపు ముక్కలు అతికి ధరిస్తారు. దీపపు కాంతిలో ఆ అద్దపు ముక్క వజ్రమై మెరుస్తుంది. ఈ కళకు చిందుల ఎల్లమ్మ తన జీవితాన్ని అంకితం చేసింది. 2024లో గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ పురస్కారం లభించింది. కడప ప్రాంతపు సురభి గ్రామంలో 1885లో ఆరంభమైన సురభి నాటక సమాజాలలో నటన మాత్రమే కాక తెరలు, దుస్తులు, రంగాలంకరణ కూడా కుటుంబ విద్యలే. వేషం కొనితెచ్చుకొనే సరకు అనే భావన వీరెవరికీ లేదు. అది చేతిపని.

ఈ చేతిపని ఇండ్లలో నుండి జారిపోవడానికి అద్దె దుకాణాలను మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. తల్లిదండ్రులిద్దరూ పనికి పోయే ఇంటిలో తీరిక తక్కువ. పోటీ మూడు రోజులుందనగా ప్రకటించే అలవాటు కూడా పాఠశాలలలో ఉంది. న్యాయనిర్ణేతలు మెరుపుకే మార్కులు వేస్తే మెరుపునే తల్లిదండ్రులు వెదకుతారు. అయితే నష్టం మాత్రం పిల్లవానిది. అద్దెకు తెచ్చిన కృష్ణ వేషం నిన్న మరొకరి ఒంటి మీదిది, రేపు వేరొకరిది. దానిలో అతడు చేసినదేమీ లేదు, తెలుసుకొన్నదీ లేదు. ఆ అద్దె కట్టలేని ఇంటి పిల్లవాడు ప్రేక్షకుల వరుసలో కూర్చొని చప్పట్లు కొడతాడు. చదువుకొనే చోట వేషం పేరుతో ఇటువంటి పంక్తిభేదం ఏర్పడడం తగని పని.

ఇంటిలో వేషం కట్టదలచినవారు ముందుగా కత్తెర పట్టరాదు. కాగితం, కలం పట్టాలి. ఎంచుకొన్న పాత్రకు గల గుర్తులను రాసుకొని, వాటిలో ఏది లేకుంటే పాత్ర పోల్చరాదో దానిని మొదట సిద్ధం చేసుకోవాలి. శ్రీకృష్ణునికి నెమలి పింఛం, పిల్లనగ్రోవి ఉంటే చాలు. నీలిరంగు లేకపోయినా ఎవరూ రామునిగా పొరబడరు. పసివాని ఒళ్ళంతా నీలం పూసి గంటల తరబడి నిలబెట్టడం కంటె ఆ రంగును మానడమే మేలు. తప్పదనుకొంటే నీలిరంగు బనియను తొడగవచ్చు.

తెలుగు పిల్లలు తరచుగా కట్టే గాంధీజీ వేషాన్ని తీసుకొందాం. 1921 సెప్టెంబరు 22న మధురలో గాంధీజీ తన పూర్తి దుస్తులను విడిచి కొల్లాయి కట్టడం ప్రారంభించాడు. ఖద్దరు కొనే స్తోమత తమకు లేదని పేదలు చెప్పిన మాట ఆ నిర్ణయానికి ఒక కారణం. ఖర్చు తగ్గించుకోవడమే సందేశంగా గల ఆ వేషాన్ని అద్దెకు తెచ్చుకోవడం కంటె విడ్డూరం మరొకటి ఉండదు. తెల్లని పాత పంచెను సగానికి మడిచి మోకాళ్ళ పైకి గోచిపెట్టి కట్టాలి. పై మీద ఒక తువాలు. కళ్ళజోడుకు పై తొడుగు ఉన్న మెత్తని విద్యుత్ తీగ సరిపోతుంది. చిన్న సీసా మూత చుట్టూ తీగను తిప్పితే రెండు వలయాలు ఒకే కొలతలో వస్తాయి. కొనలను లోపలికి మడవాలి, లేకుంటే చెవి వెనుక గీరుకొంటుంది. అద్దాలు అవసరం లేదు. గాంధీజీ నడుమున ఒక గడియారం వ్రేలాడుతూ ఉండేదన్న సంగతి చాలామంది మరచిపోతారు. అట్టముక్కను గుండ్రంగా కత్తిరించి, అంకెలు వేసి, దారంతో బొడ్డున తగిలిస్తే వేషం ఒక్కసారిగా నిజమవుతుంది. చేతికర్ర పిల్లవాని భుజం దాటరాదు. బోడితల కోసం జుట్టు తీయించనక్కరలేదు, ఒంటిరంగు పాత బనియను గుడ్డను తలకు బిగువుగా కుట్టి తొడిగితే సరి. ఈ మధ్య కొందరు పిల్లల ఒంటికి వెండి రంగు పూసి గాంధీ విగ్రహంగా నిలబెడుతున్నారు. గోడలకు, ఇనుముకు వేసే రంగులు చర్మానికి వేయదగినవి కావు. వాటిని వదల్చడానికి కిరోసిన్ రుద్దడం మరింత హాని. ఈ పద్ధతిని ఖండించవలసిందే.

హరిదాసు వేషం చూడడానికి నిండుగా ఉంటుంది గాని కట్టడం కష్టం కాదు. ధనుర్మాసపు ఉదయాలలో తల మీద అక్షయపాత్ర, ఒక చేత తంబుర, మరొక చేత చిడతలు, కాలికి గజ్జెలు, నుదుట తిరునామం, మెడలో పూలదండ ఇవి ఆయన గుర్తులు. పెద్ద పంచెను పిల్లవానికి కట్టేటప్పుడు నిడివిని రెండు మడతలు చేసి, నడుముకు తాడు బిగించి, దాని పైన కుచ్చిళ్ళు దోపాలి. అక్షయపాత్రకు ఇంటిలోని ఇత్తడి చెంబును తల మీద పెట్టరాదు. తేలిక ప్లాస్టిక్ గిన్నెకు పసుపురంగు కాగితం అతికి, దానికి పూలు చుట్టి, తలపాగా చుట్టలో కూర్చోబెట్టి నాలుగు చోట్ల దారంతో కుట్టాలి. తంబురకు ఎండిన సొరకాయ బుర్ర దొరికితే అదృష్టమే. లేకుంటే సగం కొబ్బరి చిప్పకు కర్ర అమర్చి రెండు దారాలు బిగించవచ్చు. హరిదాసు తిరిగేటప్పుడు ఎవరితోనూ ముచ్చటించడు, బియ్యం పోయించుకొనేటప్పుడు మోకాలిపై వంగుతాడు. ఆ ఒక్క వంగడం పిల్లవానికి నేర్పితే కొనుక్కొన్న పట్టుపంచె కంటె ఎక్కువ పనిచేస్తుంది.

కిరీటం చేయని వేషం మన పోటీలలో అరుదు గనుక దాని పని కొంత వివరంగా తెలుసుకోవాలి. నుదుటి మీదుగా తల చుట్టూ దారం తిప్పి కొలత తీసుకొని, దానికి రెండు అంగుళాలు అతుకు కోసం చేర్చాలి. అట్టపెట్టెను విప్పి చూస్తే రెండు పొరల నడుమ గీతలు గీతలుగా మడతలు కనిపిస్తాయి. ఆ గీతలు కిరీటంలో నిలువుగా ఉండేట్లు అట్టను కత్తిరించాలి. అప్పుడే అది విరగకుండా గుండ్రంగా తిరుగుతుంది. గీతలు అడ్డంగా ఉంటే ఎంత వంచినా మూలలు పడతాయి. ఈ చిన్న సంగతి తెలియక ఎన్నో కిరీటాలు పోటీకి ముందురోజు రాత్రి చెత్తబుట్ట పాలవుతుంటాయి. ముందు నమూనాను వార్తాపత్రిక మీద గీసి, దానిని నిలువునా సగానికి మడిచి కత్తిరిస్తే రెండు ప్రక్కలు సమంగా వస్తాయి. పై పూతకు పాత శుభలేఖలను మించినది లేదు. బంగారు రంగు అంచులు, ఉబ్బెత్తు లతలు, వినాయకుని బొమ్మలు అన్నీ వాటిలో సిద్ధంగా ఉంటాయి. రాళ్ళకు బదులు విరిగిన గాజులు వాడాలన్న కోరిక కలుగుతుంది; అది ప్రమాదం. తెగిన పూసలు, రవికె నుండి విప్పిన చమ్కీలు, పాత బొత్తాములు ఆ పని చేస్తాయి. తలకు తగిలే లోపలి అంచున మెత్తని గుడ్డను మడిచి అతకాలి. కిరీటం నిలవడానికి గడ్డం క్రింద బిగువు దారం కట్టకూడదు, చెవుల వెనుక జుట్టులోకి రెండు క్లిప్పులు చాలు.

జిగురు కొననక్కరలేదు. ఒక పాలు మైదాపిండిని కొద్ది చల్లని నీటిలో ఉండలు లేకుండా కలిపి, నాలుగు పాళ్ళు మరిగే నీటిలో పోసి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉడికిస్తే గంజివలె చిక్కబడుతుంది. గోడపత్రికలు అతికేవారు, పుస్తకాలు కట్టేవారు పురుగు పట్టకుండా దీనిలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లల వేషాలకు, ముఖ్యంగా ముఖానికి తగిలే వస్తువులకు దానిని ఎంతమాత్రం కలపరాదు. ఏ రోజు జిగురు ఆ రోజు కాచుకోవాలి. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి మక్కు చేసి బొమ్మల అతుకులను పూడుస్తారు. అటువంటి ముద్దతో చెవిపోగులు, దండకడియాల పై ఉబ్బెత్తు నగిషీలు తీర్చుకోవచ్చు.

సింహం, ఏనుగు, హనుమంతుడు వంటి వేషాలకు ముఖావరణం కావలసి వస్తుంది. గాలి ఊదిన బుడగపై వార్తాపత్రిక పీలికలను జిగురులో ముంచి ఒకదానిపై ఒకటి అంటించాలి. రెండు పొరలు వేసి ఒకరోజు ఆరనిచ్చి, మళ్ళీ రెండు పొరలు వేయాలి. ఒకేసారి మందంగా అంటిస్తే లోపల తడి నిలిచి బూజు పడుతుంది. ఆరిన తరువాత బుడగను పగులగొట్టి సగానికి కోస్తే తేలికైన పెంకు మిగులుతుంది. మారేడు గుజ్జు స్థానంలో మైదా, గుడ్డ స్థానంలో వార్తాపత్రిక వచ్చాయన్న మాటే గాని విధానం పాతదే. కళ్ళకు, ముక్కుకు, నోటికి రంధ్రాలు విశాలంగా ఉండాలి. ఎదుటివారికి అందంగా కనిపించడం కోసం కంటి రంధ్రాలను చిన్నవి చేస్తే పిల్లవాడు మెట్లు కనిపించక పడిపోతాడు. ముఖాన్ని పూర్తిగా కప్పక, నుదుటి పైన టోపీవలె నిలిచేట్లు చేయడం ఉత్తమం. అప్పుడు పాత్రతో పాటు పిల్లవాని నవ్వు కూడా కనిపిస్తుంది.

రంగుల విషయంలో భరతుడు తెలుపు, నీలం, పసుపు, ఎరుపు మూలవర్ణాలని చెప్పి తక్కినవాటిని వీటి కలయికతో సాధించమన్నాడు. పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ. తెలుపు, ఎరుపు కలిస్తే తామరపూవన్నె. నాలుగు డబ్బాలు కొంటే పన్నెండు డబ్బాల పని జరుగుతుంది. ఇవి అట్టకు, కాగితానికి వేసే రంగులు. ముఖానికి మాత్రం పసుపు, చందనం, కాటుక వంటివే వాడి, ముందుగా పలుచగా కొబ్బరినూనె పూయాలి. అట్లా పూస్తే రంగు సులువుగా వదులుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి వస్తుందన్నది ప్రతి పెండ్లి ఇంటికీ తెలిసినదే. అది పాదాలకే గాని ముఖానికి తగదు. సున్నం కంటికి తగిలితే ప్రమాదం. ఏ రంగునైనా ముందురోజు మోచేతి లోపలి వైపు కొద్దిగా పూసి చూసుకోవాలి.

గడ్డాలు, మీసాలు మరొక చిక్కు. జిగురుతో ముఖానికి అంటించిన మీసం సగం పాటలో ఊడి వస్తుంది. జనపనారను దువ్వి, నల్లరంగులో ముంచి ఆరబెట్టి, పలుచని గుడ్డపై వరుసగా కుట్టి, చెవులకు దారం తగిలిస్తే చక్కని గడ్డమవుతుంది. ఋషి వేషానికి దూది పెడతారు. దీపారాధన జరిగే వేదిక మీద దూది, నార, కాగితం త్వరగా అంటుకొంటాయన్న స్పృహ పెద్దలకు ఉండాలి. అల్లూరి సీతారామరాజు వేషానికి గడ్డంతో పాటు విల్లమ్ములు ముఖ్యం. సన్నని వెదురు బద్దను వంచి పురికొస బిగిస్తే విల్లు. గోనెపట్టా చుట్టిన పాత నీళ్ళ సీసా అమ్ములపొది. అమ్ముల కొనలు మొనగా కాక గుడ్డ చుట్టి మొద్దుగా ఉంచాలి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా జరిగిన దాడులను గురించి, ఆయన వెంట నడిచిన మన్యం ప్రజలను గురించి నాలుగు వాక్యాలు పిల్లవానికి వచ్చి ఉండాలి. విల్లు చేస్తున్నంత సేపూ ఆ కథ చెబితే ప్రత్యేకంగా బట్టీ పట్టించే పని లేదు.

ఆడపిల్లలకు రుద్రమదేవి వేషం కట్టాలన్న ఆసక్తి ఇటీవల ఎక్కువైంది. రుద్రదేవ మహారాజు అనే పురుషనామంతో శాసనాలలో కనిపించే ఆ కాకతీయ రాణికి నగలు దిగేసి పెండ్లికూతురిని చేయడం సరికాదు. చీరను గోచిపోసి కట్టి, తలపాగా చుట్టి, చేతికి డాలు, అట్టకత్తి ఇస్తే ఆమె నిలుస్తుంది. డాలుకు వంటింటి చేట పనికివస్తుంది. దాని వెనుక గుడ్డపట్టీ కుట్టి, ముందువైపు నల్లకాగితం అతికితే చాలు. సుమారు అయిదున్నర మీటర్ల చీరకు కత్తెర పెట్టకుండానే ఇదంతా జరుగుతుంది. మడతలను పిన్నీసులతో కాక పొడవాటి టాకాలతో నిలపాలి. పిన్నీసు ఊడి గుచ్చుకొంటుంది, టాకా అయితే పని ముగియగానే ఒక్క లాగుతో ఊడి వస్తుంది.

ఏ వేషం కట్టాలన్నది ఎంత ముఖ్యమో ఏది కట్టరాదన్నది అంతకంటె ముఖ్యం. కొన్ని పాత వేషాలలో ఒక కులాన్నో, వృత్తినో, వికలాంగులనో ఎగతాళి చేసి నవ్వించే అలవాటు ఉండేది. ముఖానికి మసి పూసి, ఆకులు చుట్టి గిరిజనులమంటూ గంతులు వేయించడం నేటికీ కొన్ని వేదికలపై కనిపిస్తున్నది. తరగతిలో ఆ వర్గపు పిల్లవాడు కూర్చొని ఉన్నాడన్న ఊహ కూడా చేయించినవారికి ఉండదు. ఒక లంబాడీ స్త్రీ ధరించే అద్దాల రవికె, గవ్వలు, పూసలు కుట్టిన దుస్తులు నెలల తరబడి సూదిపనితో సిద్ధమయ్యేవి. ఆ పనితనాన్ని తెలుసుకొని, ఆ ఇంటివారిని అడిగి కట్టే వేషానికి గౌరవం ఉంటుంది. నవ్వు కోసం కట్టేదానికి ఉండదు.

వేషం కట్టుకొన్న పిల్లవాడు పోటీకి ముందురోజు దానిని ధరించి ఇంటిలో అరగంట తిరగాలి. కూర్చోవడం, నీళ్ళు త్రాగడం, మూత్రశాలకు వెళ్ళడం సాధ్యమవుతున్నదా అన్నది చూడాలి. ఎంత గొప్ప వేషమైనా ఈ మూడింటికి అడ్డు వస్తే దానిని సవరించవలసిందే. ప్రదర్శన ముగిసిన తరువాత చీర టాకాలు విప్పి ఉతికి పెట్టెలో, చేట కాగితం ఊడదీసి వంటింటిలో, విల్లు పిల్లవాని మంచం క్రింద చేరతాయి. కిరీటాన్ని మాత్రం వార్తాపత్రికలో చుట్టి అటక మీద దాచితే వచ్చే ఏడు ప్రక్కింటి పిల్లకు, తల కొలతను బట్టి అతుకు విప్పి మళ్ళీ వేయవచ్చు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వేషానికి ఖరీదు కంటె గుర్తులే ముఖ్యమని విరాటపర్వ కథ, తిరుపతి గంగజాతర ఆధారంగా నిరూపించండి.
2. నాట్యశాస్త్రంలోని ఆహార్యవిధానాలకు, నేటి ఇంటి వేషరచనకు గల సామ్యాన్ని వివరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. అర్జునుడు చేతులకు గాజులు ధరించడంలోని ఆంతర్యమేమి?
2. పగటి వేషగాని పని రంగస్థల నటుని పని కంటె కష్టమని ఎట్లా చెప్పగలరు?
3. అట్టకిరీటం విరగకుండా గుండ్రంగా రావాలంటే ఏ జాగ్రత్త పాటించాలి?
4. ఎటువంటి వేషాలను కట్టరాదని పాఠం చెబుతున్నది? మీ అభిప్రాయం రాయండి.

చేయవలసిన పని
మీ ఊరి జాతరలో గాని, పండుగలో గాని కనిపించే ఒక వేషాన్ని ఎంచుకొని, దాని గుర్తులు మూడింటిని, అవి దేనితో తయారవుతాయో ఆ వేషం కట్టేవారిని అడిగి తెలుసుకొని ఒక పుటలో రాయండి.